ఒలింపిక్ కొండల వానకు ఏ కోటు? ఒక వేట సీజను డైరీ

సెప్టెంబరు 7, శనివారం

పోయిన నవంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒలింపిక్ ద్వీపకల్పపు పడమటి కొండల్లో నల్లతోక జింక వేటకు వెళ్లి, ఉదయం పదిన్నరకే వణుకుతూ కారు దగ్గరికి తిరిగివచ్చాను. వేళ్లు కొంకర్లు పోయి కోటు జిప్పు కూడా లాగలేకపోయాను. ఇంటికి వచ్చి లోపలి చొక్కా పిండితే నీళ్లు కారాయి. ఆ రోజు నేను వేసుకున్నది దుకాణంలో ఉన్నవాటిలో ఖరీదైన రైన్ జాకెట్లలో ఒకటి. అందుకే ఈ సంవత్సరం నవంబరు మధ్యలో వచ్చే నాలుగు రోజుల ఆఖరి సీజనుకు ముందే, ఆ వానకూ ఆ గాలికీ ఏమి వేసుకోవాలో పరీక్షించి తేల్చుకోవాలని ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు సరదా వేట అన్నదే లేదు కాబట్టి ఈ విషయం చాలామంది తెలుగువారికి కొత్తగా ఉంటుంది. నేనుండే వాషింగ్టన్ రాష్ట్రంలో వేట ప్రభుత్వ అనుమతితో, లెక్క ప్రకారం జరుగుతుంది. 1972 జనవరి 1 తరువాత పుట్టినవారు శిక్షణ కోర్సు పూర్తిచేస్తేనే లైసెన్సు ఇస్తారు. రెండు చోట్లా 1972 రావడం కాకతాళీయమే. నాకు ఈ విద్య నేర్పినవాడు ఆఫీసులో నాతో పనిచేసే పెద్దమనిషి. ఆయన ఇక్కడే పుట్టి పెరిగాడు.

వేట ప్రాంతం ఫోర్క్స్ పట్టణానికి దగ్గర. జాతీయ ఉద్యానవనంలో వేట నిషిద్ధం కనుక దాని వెలుపల ఉన్న జాతీయ అటవీ భూమికే పోతాము. ఫోర్క్స్‌లో ఏడాదికి సుమారు 2,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే హైదరాబాదుకు దాదాపు మూడు రెట్లు. అయితే అది మన తొలకరి లాగా ఉరిమి, కురిసి, వెలిసే వాన కాదు. అక్టోబరులో మొదలై వసంతం దాకా సన్నగా, చల్లగా, రోజంతా పడుతూనే ఉంటుంది. నవంబరులో ఉష్ణోగ్రత సాధారణంగా 4 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటుంది. దానికి సముద్రపు గాలి తోడైతే, మంచు కురిసే పొడి చలి కన్నా ఈ తడి చలే మనిషిని త్వరగా పడగొడుతుందని పోయిన ఏడాది స్వయంగా తెలుసుకున్నాను.

సెప్టెంబరు 14, శనివారం

ఇవాళ జాకెట్ల చీటీల మీద ఉండే అంకెలతో కూర్చున్నాను. రెండు అంకెలు ఉంటాయి. మొదటిది నీటిని ఆపే శక్తి. గుడ్డ మీద నీటి స్తంభాన్ని నిలబెట్టి, ఎంత ఎత్తు దగ్గర అవతలి వైపు చుక్కలు కనిపిస్తాయో మిల్లీమీటర్లలో చెబుతారు. నా జాకెట్టుది 20,000. రెండవది చెమట ఆవిరిని బయటికి వదిలే శక్తి. ఒక చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి పోతుందన్నది ఆ లెక్క. అదీ 20,000.

మొదటి అంకె గొప్పగా కనిపిస్తుంది కానీ అది ఎక్కడ అవసరమో చూడాలి. ఒక చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు పడితే అది 10 మీటర్ల నీటి స్తంభంతో, అంటే 10,000 మిల్లీమీటర్లతో సమానం. గురి చూడడానికి తడి నేలమీద మోకాలు ఆనించినప్పుడు నా 76 కిలోల్లో సగం బరువు సుమారు 40 చదరపు సెంటీమీటర్ల మీద పడుతుందనుకుంటే, ఆ మోకాలి దగ్గర ఒత్తిడి 9,500 మిల్లీమీటర్లకు చేరుతుంది. మామూలుగా పడే వాన చుక్క భుజం మీద ఇంత ఒత్తిడిని నిలిపి ఉంచలేదు. కనుక పెద్ద అంకె నిజంగా కావలసింది మోకాళ్లకూ పిరుదులకూ బ్యాక్‌ప్యాక్ పట్టీల కిందా గానీ ఛాతీకి కాదు. అయినా మనమందరం డబ్బంతా జాకెట్టు మీద పెట్టి ప్యాంటు చవకలో తెచ్చుకుంటాము. నేనూ అదే చేశాను.

రెండవ అంకె ఇంకా మోసకారి. 20,000 గ్రాములను 24తో భాగిస్తే గంటకు 830 గ్రాములకు పైగా వస్తుంది, కొండ ఎక్కేవాడి చెమటకు అది చాలునని అనిపిస్తుంది. కానీ అది ప్రయోగశాలలో, ఆవిరికి అన్నీ అనుకూలంగా అమర్చి కొలిచిన అంకె. జాకెట్టులో నీటిని ఆపే పొరలోంచి ఆవిరి తనంతట తాను బయటికి పోదు. లోపల తేమ, వేడి ఎక్కువగానూ బయట తక్కువగానూ ఉన్నప్పుడే ఆ తేడా దాన్ని నెడుతుంది. బయట గాలి ఇప్పటికే తేమతో నిండి ఉన్న వానరోజున ఆ నెట్టుడు బాగా తగ్గిపోతుంది. దానికి తోడు జాకెట్టు పైగుడ్డ నానిపోతే, దానిమీద నీటి పొర పరుచుకుని ఆవిరి దారి దాదాపు మూసుకుపోతుంది. పోయిన నవంబరులో నా చొక్కాను తడిపింది వాన కాదు, నా చెమటే అని ఇప్పుడు అనుమానం కలుగుతున్నది.

సెప్టెంబరు 22, ఆదివారం

పెరట్లో గొట్టం పరీక్ష. మూడు కోట్లు: పోయినసారి వేసుకున్న మూడు పొరల జాకెట్టు, చేపల పడవల మీద పనిచేసేవారు వాడే బరువైన పీవీసీ కోటు, పైన మెత్తటి నూగు ఉన్న, చప్పుడు చేయని వేట జాకెట్టు. చివరిది మా పెద్దమనిషి అరువిచ్చాడు. లోపల భుజాలకూ మోచేతులకూ కాగితపు రుమాళ్లు అంటించి, ఒక్కొక్కటి వేసుకుని పదిహేను నిమిషాలు తోట గొట్టం కింద నిలబడ్డాను. పక్కింటివారు కిటికీలోంచి చూసి చెయ్యి ఊపారు. వివరణ ఇవ్వలేదు.

మూడింటిలోనూ కాగితాలు పొడిగానే ఉన్నాయి. తేడా బయట కనిపించింది. పీవీసీ మీద నీళ్లు జారిపోయాయి. నా జాకెట్టు మీద భుజాల దగ్గర, చేతుల మీద గుడ్డ నల్లబడి నానిపోయింది. కోటు బరువు 490 గ్రాముల నుంచి 640కి పెరిగింది. నూగు జాకెట్టు 780 నుంచి 1,130కి పోయింది.

నా జాకెట్టు నానడానికి కారణం వెతికితే తప్పు నాదేనని తేలింది. ఇటువంటి గుడ్డమీద నీటిని ముత్యాల్లా జారగొట్టే సన్నటి రసాయన పూత ఉంటుంది. నేను దాన్ని ఏడాదిగా మామూలు బట్టల సబ్బుపొడితో ఉతుకుతున్నాను. ఆ సబ్బు శేషం గుడ్డలో నిలిచి నీటిని పిలుస్తుంది. జాకెట్లకని అమ్మే ప్రత్యేక సబ్బుతో రెండుసార్లు ఉతికి, ఆరబెట్టే యంత్రంలో నడివేడి మీద ఇరవై నిమిషాలు తిప్పి మళ్లీ గొట్టం కింద నిలబడితే బరువు 540 దాటలేదు. వేడి తగిలితే పూత మళ్లీ నిలబడుతుంది. పూర్వం ఈ పూతలకు ఫ్లోరిన్ రసాయనాలు వాడేవారు. అవి ప్రకృతిలో కరిగిపోవని కంపెనీలు ఇప్పుడు వేరే పూతలకు మారుతున్నాయి. కొత్త పూతలు నీటిని బాగానే ఆపుతాయి గానీ చేతి జిడ్డుకూ తుపాకి నూనెకూ త్వరగా లొంగిపోతాయి కనుక ఇదివరకటి కన్నా తరచుగా ఉతకవలసివస్తుంది.

సబ్బు గురించి ఇంకొక మాట. బట్టలు తెల్లగా కనిపించాలని సబ్బుపొడిలో కలిపే మెరుపు రసాయనాలు అతినీలలోహిత కాంతిని పట్టి నీలిరంగులో వెలుగుతాయి. మన ఇళ్లలో తెల్ల పంచెలకు నీలం వేయడం వంటిదే ఇది. జింక కన్ను నారింజ రంగును ఆకుపచ్చ నుంచి వేరుచేయలేదు గానీ నీలాన్ని మనకన్నా బాగా పట్టుకుంటుంది. అంటే మిగతా వేటగాళ్లకు కనిపించేలా చట్టప్రకారం నేను వేసుకునే మెరిసే నారింజ చొక్కా జింకకు పెద్దగా కనిపించదు, మా ఇంటి సబ్బు మాత్రం కనిపించవచ్చు.

సెప్టెంబరు 29, ఆదివారం

చప్పుడు పరీక్ష. కొండలెక్కి తిరిగేవారు రాసే సమీక్షల్లో ఈ విషయం ఉండదు, వేటగాడికి మాత్రం ఇదే సగం పని. మా ఆవిడను వెనుక చెట్ల మధ్య కళ్లు మూసుకుని నిలబడమని, నేను ఇరవై అడుగుల దూరం నుంచి ఒక్కో కోటు వేసుకుని కొమ్మలకు రాసుకుంటూ దగ్గరికి నడిచాను. వినిపించగానే చెయ్యెత్తాలి. పీవీసీకి మొదటి అడుగులోనే చెయ్యి లేచింది. మూడు పొరల జాకెట్టుకు మూడో అడుగులో. నూగు జాకెట్టు మీదికి వచ్చాక కొంతసేపటికి ఆమె కళ్లు తెరిచి, “ఏవండీ, మొదలుపెట్టారా లేదా?” అని అడిగింది. నేను అప్పటికి ఆమెకు ఆరడుగుల దూరంలో ఉన్నాను.

అయితే ఇది పొడి రోజు. వాన ఆకుల మీద పడే చప్పుడు, గాలికి కొమ్మలు ఊగే చప్పుడు ఉన్నప్పుడు ఈ తేడా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో అడవిలోనే చూడాలి.

అక్టోబరు 13, ఆదివారం

సాధారణ సీజను నిన్న మొదలైంది. మొదటి రోజు మూడు పొరల జాకెట్టుతోనే వెళ్లాను. వాన నడిమిరకం, గాలి గంటకు 45 కిలోమీటర్ల దాకా ఉందని వాతావరణ సూచన.

అడవిలో నిలబడ్డాక ఒక సంగతి స్పష్టమైంది. ఎంతో ముందే తట్టవలసిన సంగతి ఇది. కొండదారిలో నడిచేవాడు వానకు వీపు తిప్పవచ్చు. వేటగాడు తిప్పకూడదు. జింకకు కళ్లకన్నా ముక్కు పెద్ద ఆయుధం కనుక మన వాసన దానివైపు పోకుండా ఎప్పుడూ ఎదురుగాలికే నడవాలి. రెండు మిల్లీమీటర్ల వాన చుక్క సెకనుకు సుమారు ఆరున్నర మీటర్ల వేగంతో కిందికి పడుతుంది. 45 కిలోమీటర్ల గాలి దాన్ని సెకనుకు పన్నెండున్నర మీటర్ల వేగంతో పక్కకు తోస్తుంది. అప్పుడు వాన పైనుంచి పడదు, అరవై డిగ్రీలకు పైగా వాలి నేరుగా ముఖానికి వస్తుంది. కోటు పనితనం భుజాల మీద కాదు, హుడ్ అంచు దగ్గర, గడ్డం కింద, జిప్పు మీద, మణికట్టు దగ్గర తేలుతుంది. తోట గొట్టం కింద నిలబడి నేను చేసిన పరీక్ష ఇందులో ఏ ఒక్కదాన్నీ పట్టుకోలేదు.

ముఖ్యంగా మణికట్టు. బైనాక్యులర్స్ కళ్లకు ఎత్తిన ప్రతిసారీ అరచేతి మీది నీళ్లు చేతి లోపలికి జారి మోచేతి దాకా పోతాయి. పది నిమిషాలకొకసారి కొండవాలు చూసే మనిషికి రెండు గంటల్లో రెండు ముంజేతులూ తడిసిపోతాయి. గుడ్డ ఎంత గొప్పదైనా ప్రయోజనం లేదు. చెవుల సంగతి మరొకటి. హుడ్ వేసుకుంటే దాని మీద చుక్కల టపటప తప్ప ఏమీ వినిపించదు, తీస్తే మెడలోకి నీళ్లు. ముందు అంచున్న ఊలు టోపీ పెట్టుకుని, గాలి మరీ పెరిగినప్పుడు మాత్రమే హుడ్ ఎక్కించడం కొంత కుదిరింది. కళ్లద్దాలకు కూడా ఆ అంచే కాపు.

నారింజ చొక్కా విషయం ఎవరూ చెప్పరు. నడుముకు పైన, అన్ని వైపుల నుంచీ కనిపించేలా కనీసం 400 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు ఉండాలని ఇక్కడి నియమం. నా చవక చొక్కా వానకు పూర్తిగా నాని, తడిగుడ్డలా జాకెట్టును చుట్టుకుని, చంకల కింద గాలి కోసం తెరిచిన జిప్పులను మూసేసింది. రంధ్రాల వల చొక్కా ఒకటి కొనాలి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ తడిపింది సలాల్. తోలులాంటి ఆకులతో నడుమెత్తు పెరిగే ఈ పొద ఇక్కడి అడవి నేలంతా పరుచుకుని ఉంటుంది. కత్తిలాంటి ఫెర్నులు, నేలకు వాలిన మేపుల్ కొమ్మలు దానికి తోడు. వాన ఆగిన గంట తరువాత కూడా ప్రతి ఆకూ తన దొన్నెడు నీళ్లు మన తొడల మీద కుమ్మరిస్తుంది. చవక ప్యాంటు అరగంటలో చేతులెత్తేసింది. మధ్యాహ్నం ఒంటిగంటకు తిరిగివచ్చాము. జింక కనిపించలేదు.

అక్టోబరు 20, ఆదివారం

మా పెద్దమనిషి మొదటినుంచీ ఊలు కోటే వేసుకుంటాడు. నేను దాన్ని పాతకాలపు పట్టుదల అనుకున్నాను. 1897లో బంగారం వేటకు కెనడాలోని క్లాండైక్‌కు పోయేవారికి ఫిల్సన్ కంపెనీ సియాటిల్‌లో ఊలు బట్టలు అమ్మడం మొదలుపెట్టిందనీ, మకినా అనే ఆ దట్టమైన ఊలు గుడ్డను కలప కొట్టేవారూ వేటగాళ్లూ ఇప్పటికీ వదలలేదనీ ఆయన చెప్పాడు.

నాకు మాత్రం సిద్దిపేట వైపు మా తాతగారి ఊళ్లో గొర్రెలు కాసేవారి గొంగడి గుర్తుకువచ్చింది. దక్కను గొర్రెల నల్లబొచ్చుతో కురుమలు నేసే ఆ గొంగడి పడుగుకు చింతగింజల గంజి పెడతారు. ముసురులో కాపరి దాన్ని తలమీదుగా ముసుగులా మడిచి కప్పుకుని రోజంతా మందతో నిలబడతాడు. అది తడవదని ఎవరూ అనరు, తడిసినా వెచ్చగా ఉంటుందంటారు. దాని వెనుక కారణం ఉన్నది. ఊలు పోగు తన బరువులో దాదాపు మూడోవంతు తేమను లోపలికే పీల్చుకున్నా పైకి తడిగా అనిపించదు, పీల్చుకునేటప్పుడు కొంత వేడిని కూడా విడుదల చేస్తుంది. పాలియెస్టరు పోగు తన బరువులో ఒక శాతం తేమ కూడా తీసుకోదు. పైగా ఊలు కొమ్మకు రాసుకుంటే చప్పుడు ఉండదు.

పాతబట్టల దుకాణంలో నలభై డాలర్లకు ఒక మందపాటి ఊలు కోటు దొరికింది. పొడి బరువు 1,650 గ్రాములు.

అక్టోబరు 27, ఆదివారం

నిన్న ఊలు కోటు పరీక్ష. లోపల సన్నటి మెరీనో ఊలు బనియను, పైన ఊలు కోటు, అంతే. నడుస్తున్నంతసేపూ, నిజం చెప్పాలంటే, ఇంత హాయిగా ఏ వానలోనూ నడవలేదు. చెమట లోపల నిలవలేదు. సలాల్ పొదల్లో నా చప్పుడు నాకే వినపడలేదు. ఐదు గంటల తరువాత కోటు తూకం 2,380 గ్రాములు. అంటే 730 గ్రాముల నీటిని మోశాను.

కూర్చున్నప్పుడు కథ మారింది. కలప కోసం నరికిన వాలు అంచున, గాలికి ఎదురుగా నలభై నిమిషాలు కదలకుండా కూర్చునేసరికి గాలి కోటులోంచి నేరుగా వచ్చి తడిని చల్లబరిచింది. దవడలు కొట్టుకోవడం మొదలైంది. నీరు ఒంటి వేడిని గాలికన్నా సుమారు పాతిక రెట్లు వేగంగా లాగేస్తుందని చదివినది అప్పుడు వీపు మీద తెలిసింది. నడిచేవాడికి ఊలు, కూర్చునేవాడికి గాలిని ఆపే పొర. రెండూ ఒకే కోటులో దొరకాలని ఆశించడమే పోయిన ఏడాది నేను చేసిన పొరపాటు.

నవంబరు 3, ఆదివారం

ఇవాళ ఖర్చు కిందిభాగం మీద పెట్టాను. ఛాతీ దాకా వచ్చి భుజాల మీద పట్టీలతో నిలబడే మూడు పొరల వాన ప్యాంటు కొన్నాను. మోకాళ్లకూ కూర్చునే చోటా గట్టి గుడ్డ, పక్కన నడుము నుంచి మడమ దాకా జిప్పు ఉన్నాయి. నడుము దగ్గర బెల్టు లేకపోవడం వల్ల, వంగినప్పుడు కోటు పైకి పోయినా వీపు తెరుచుకోదు. చప్పుడు కొంత చేస్తుంది. కానీ కాళ్లు ఫెర్నుల్లో చేసే చప్పుడు ఎలాగూ ఉంటుంది. పైగా గాలివానలో జింకలు గాలి తగలని వాలు వైపు పడుకుని ఉంటాయి గనుక, దగ్గరికి వెళ్లేటప్పుడు నెమ్మదిగా నడవడమే అసలు మందు.

రబ్బరు బూట్లు పాతవే. ప్యాంటు కాళ్లను బూట్ల మీదుగా బయటికే వదలాలి. ఒకసారి చక్కగా ఉంటుందని లోపలికి దోపుకుంటే రెండు బూట్లూ బావులయ్యాయి.

నవంబరు 10, ఆదివారం

సామాను సిద్ధం. ఒంటిమీద మెరీనో బనియను, ఊలు కోటు, వల నారింజ చొక్కా, కొత్త ప్యాంటు. బ్యాక్‌ప్యాక్‌లో నీరు చొరని చుట్టసంచిలో పొడి దూది జాకెట్టు, ఆ పైన మూడు పొరల జాకెట్టు. ఊలు కోటు మీద పట్టేలా నాది ఇచ్చి, ఒక సైజు పెద్దదైన మా పెద్దమనిషి జాకెట్టు తీసుకున్నాను. ఆయనది పాతదే అయినా పూత బాగుంది. చేతితొడుగులు మూడు జతలు, ఎందుకంటే చేతితొడుగులను వానలో పొడిగా ఉంచే మార్గమేదీ నాకు దొరకలేదు, మార్చుకోవడం ఒక్కటే దారి. రైఫిల్ గొట్టం మూతికి కరెంటు టేపు ముక్క అంటించాను. లోపలికి నీళ్లు పోకుండా అదొక అడ్డు, పేలినప్పుడు గుండుకన్నా ముందు వచ్చే గాలే దాన్ని ఎగరగొడుతుంది.

పీవీసీ కోటును గ్యారేజీలో తగిలించాను. కదలకుండా కూర్చునే పనికి దాన్ని మించినది లేదు, కానీ కొండ ఎక్కుతుంటే లోపల ఇడ్లీపాత్రే.

నవంబరు 16, శనివారం

తెల్లవారుజామున ఆరుంబావుకు నడక మొదలుపెట్టాము. సన్నటి వాన, పడమటి గాలి, 6 డిగ్రీలు. మొదటి రెండు గంటలు ఊలు కోటుతోనే ఎక్కాను, చెమట పట్టకముందే ఆగుతూ ఎక్కాను. నరికిన వాలు చేరగానే బయటి జాకెట్టు ఊలు మీదుగా వేసుకుని, నారింజ చొక్కా దాని పైకి మార్చి, ఒక పెద్ద దేవదారు మోడు చాటున కూర్చున్నాను. ఇరవై నిమిషాల్లో ఊలులోని తడి వెచ్చబడింది. గంటా పది నిమిషాలు కూర్చోగలిగాను. అక్టోబరులో నలభై నిమిషాలకే లేచిపోయాను.

తొమ్మిదిన్నర తరువాత గాలి కాస్త తగ్గగానే ఫెర్నుల్లోంచి ఒక ఆడ జింక, దాని వెనుక మరొకటి వచ్చాయి. రెండవదాని తల కొమ్మల వెనుక ఉంది. దాదాపు అరవై అడుగుల దూరం. నా వైపు చూడలేదు, చెవి కూడా తిప్పలేదు. ఇక్కడ ఈ సీజనులో కొమ్ములున్న మగ జింకను మాత్రమే కొట్టాలి. వానలో స్కోపు తుడుచుకుంటూ నాలుగు నిమిషాలు చూశాను, కొమ్ములు ఉన్నాయో లేవో తేలలేదు. అవి నడుచుకుంటూ వాలు దిగిపోయాయి. తుపాకి భద్రపు మీట తీయనేలేదు.

సాయంత్రం నాలుగింటికి కారు దగ్గర లెక్క చూసుకున్నాను. వీపు, ఛాతీ, తొడలు, పాదాలు పొడి. ఊలు కోటు 2,010 గ్రాములు. తడిసింది ఎడమ ముంజేయి ఒక్కటే, బైనాక్యులర్స్ ఎత్తే చేయి. ఆ మణికట్టు పట్టీని విప్పి, ఈత దుస్తులకు వాడే నియోప్రీన్‌తో బిగువైన పట్టీ కుట్టించాలి. రేపు ఆఖరి రోజు, అంతదాకా ఆ చేతికి ఒక ఊలు మేజోడు పాదం కత్తిరించి తొడుగుతాను.